కప్పుట వేరు, కాపాడుట వేరు

ఒక వాహనాన్ని చూడవచ్చినవారు దాని రంగును చూస్తారు, చక్రాలను చూస్తారు, ఇంజను చప్పుడు వింటారు. దాని తీగలను మాత్రం ఎవరూ చూడరు. శరీరానికి నాడులు ఎట్టివో వాహనానికి విద్యుత్ తీగలు అట్టివి. ఆరోగ్యంగా ఉన్నంతకాలం అవి ఉన్నాయన్న ధ్యాసే కలుగదు. కిందటి విద్యాసంవత్సరంలో మేము ఐదుగురం విద్యార్థులం కలిసి స్వహస్తాలతో ఒక చిన్న కారును నిర్మించుకున్నాము. ఆ నిర్మాణంలో మమ్ము ఎక్కువ సాయంత్రాలు కూర్చోబెట్టి వాదింపజేసినది ఇంజను కాదు, చట్రం కాదు. తీగలకు ఏ తొడుగు తొడగాలన్న ప్రశ్న. చదువరులకు ఇది నవ్వు తెప్పించవచ్చు. కాని ఆ ప్రశ్నలో ఒక ప్రాణం సంగతి ఇమిడి ఉన్నదని మాకు క్రమంగా బోధపడింది. ఆ బోధనే ఇక్కడ నలుగురితో పంచుకొనదలచాము.

ముందుగా ఆ కారు ఎట్టిదో చెప్పాలి. ఇనుప గొట్టాలను అతికి చేసిన చట్రం; ఇద్దరు కూర్చునే చోటు; పైకప్పు లేదు. పాత మారుతి 800 కారు నుండి తీసిన 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజనును వెనుక భాగంలో అమర్చాము. బరువు సమతూకంగా ఉండేందుకు బ్యాటరీని ముందు పెట్టాము. పెట్రోలు ట్యాంకు సీట్ల వెనుక, ఇంజనుకు ముందు ఉన్నది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రిజిస్ట్రేషను లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపరాదు. కావున ఇది కళాశాల మైదానం దాటి పోయేది కాదు. అయినా మైదానంలో పుట్టిన నిప్పు అయినంతమాత్రాన అది చల్లగా ఉండదు గదా!

మాలో ఇద్దరు ఉర్దూ మాధ్యమంలోను, ముగ్గురు తెలుగు మాధ్యమంలోను చదివి వచ్చినవారము. తొడుగును ఏమని పిలవాలన్న విషయంలో కూడ ఒక సాయంత్రం గడిచింది. ఉర్దూ మిత్రుడు ‘గిలాఫ్’ అన్నాడు. మాలో ఒకరికి వెంటనే ఇంట్లో అమ్మ అనే ‘దిండు గలీబు’ జ్ఞాపకం వచ్చింది. ఆ గలీబు ఈ గిలాఫ్ నుండి వచ్చినదే. ఒకే మాట రెండు భాషల ఇండ్లలో కాపురం చేస్తున్నదని తెలిసి సంతోషించాము. కాని ఆ మాటలోనే ఒక చిక్కు కూడ ఉన్నది. దిండుకు గలీబు అందం కొరకు, శుభ్రత కొరకు. తీగకు తొడుగు అందుకు కాదు. ఈ భేదం తెలియకనే మా వాదం మొదలైంది.

మాలో పెద్దవాడు, కళాశాల వార్షికోత్సవంలో కారును ప్రదర్శనకు పెడతాము గనుక మెరిసే ఎర్రని అల్లిక తొడుగు అన్నింటికీ వేయాలన్నాడు. మరొకరు నల్లని పి.వి.సి. టేపు చుట్టి పని ముగిద్దామన్నారు. ఇంకొకరు మడతల ఫ్లెక్సిబుల్ పైపు చాలునన్నారు. మా వద్ద మిగిలిన సొమ్ము 1,800 రూపాయలు. ఆ సొమ్ముతో ట్రూప్ బజారుకు పోయే ముందు, పేటలో ముప్పది ఏండ్లకు పైగా వాహనాల వైరింగు చేస్తున్న ఒక ఉస్తాద్ గారి వద్దకు పోయాము. ఆయన మా మాటలన్నీ విని, ఒక్క ప్రశ్న వేశారు: “బేటా, తొడుగు సంగతి తరువాత. మీ తీగకు శత్రువు ఎవరో ముందు చెప్పండి.”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే తీగ స్థితి తెలియాలి. కారులో బ్యాటరీ ఋణధ్రువాన్ని చట్రానికే కలుపుతారు. అనగా ఇనుప చట్రమంతా తిరుగు తీగ వలె పనిచేస్తుంది. బ్యాటరీ నుండి వచ్చే తీగ ఎక్కడ పై పొర చినిగి చట్రానికి తగిలినా అక్కడే వలయం పూర్తవుతుంది. పన్నెండు వోల్టులు ముట్టుకున్నా మనిషికి షాకు కొట్టదు. అందువలన చాలామంది దానిని సాధువని భావిస్తారు. లెక్క వేసి చూస్తే అది సాధువు కాదని తెలుస్తుంది. తాకిడి జరిగిన వలయంలో నిరోధం 0.05 ఓములు అనుకుంటే, ఓము సూత్రం ప్రకారం 240 ఆంపియర్ల ప్రవాహం వస్తుంది. శక్తి 2,880 వాట్లు. మూడు ఇస్త్రీ పెట్టెల వేడి ఇంచుమించుగా ఆ కొద్దిపాటి వలయంలోనే పుడుతుందన్నమాట. సన్నని తీగ క్షణాలలో ఎర్రబడుతుంది. ప్రక్కనే పెట్రోలు ఉంటే ఇక చెప్పవలసినది లేదు.

తీగకు శత్రువులు ఎవరని మేము కాగితం మీద వ్రాసుకున్నాము: రాపిడి, వేడి, నూనె, నీరు, ఎలుక. వీటిలో రాపిడి అందరికంటె మౌని. ఇంజను కంపిస్తూనే ఉంటుంది. తీగ ఇనుప అంచును రాసుకుంటూనే ఉంటుంది. ఏ నాటికో పొర తెగుతుంది. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో 1 నౌకలో, నేల మీద జరిగిన పరీక్ష సమయంలో మంట చెలరేగి ముగ్గురు వ్యోమగాములు మరణించారు. నిప్పురవ్వ పుట్టిన చోటు ఖచ్చితంగా తేలలేదు. కాని అనుమానించిన చోట్లలో ఒకటి, ఒక చిన్న తలుపు తెరచి మూసినప్పుడల్లా రాసుకొని టెఫ్లాన్ పొర ఊడిన తీగ. చంద్రునిపైకి మనిషిని పంపదలచిన వారి శాస్త్రానికే తలుపు రాపిడి తలవంపు తెచ్చినప్పుడు, రేకుల షెడ్డులో పనిచేసే మాబోటివారు ఎంత జాగ్రత్త వహించాలి!

“ముందు దారి, తరువాత కట్టు, ఆ తరువాతనే తొడుగు” అన్నది ఉస్తాద్ గారి రెండవ పాఠం. తీగ కదిలే భాగాలకు, వేడి గొట్టాలకు దూరంగా పోయేటట్లు దారి ఎంచుకోవాలి. చేతి జానెడు దూరానికి ఒకచోట రబ్బరు పొర గల క్లాంపుతో చట్రానికి బిగించాలి. రేకులోని రంధ్రం గుండా పోయేచోట తప్పనిసరిగా రబ్బరు గ్రోమెట్టు ఉండాలి. ఇవన్నీ చేసిన తరువాత మిగిలిన అపాయానికే తొడుగు. దారి చెడ్డదైతే ఎంత ఖరీదైన తొడుగైనా ఆ చెడును ఆలస్యం చేయగలదేకాని ఆపలేదు.

ఇక తొడుగుల గుణదోషాలు. మొదటిది పి.వి.సి. టేపు. చవక; ప్రతి దుకాణంలోను దొరుకుతుంది. కాని ఇంజను వేడికి దాని జిగురు కారి, చేతికి అంటుకొనే జిడ్డుగా మారుతుంది, అంచులు లేచిపోతాయి. దానికంటె పెద్ద దోషం, అది దేనినైనా దాచగలదు. మేము కొన్న పాత ఇంజనుతో కొంత పాత వైరింగు కూడ వచ్చింది. ఎవరి చేతులు చుట్టినవో తెలియని టేపును విప్పి చూస్తే, లోపల రెండు తీగలను టంకం లేకుండ, లగ్గు లేకుండ వట్టిగా మెలిపెట్టి వదిలిన అతుకు కనిపించింది. చుట్టూ పొర గట్టిపడి పెళుసై ఉన్నది. పైకి చూస్తే ఎంతో నీటైన పని. ఆనాడే మాలో ఒకరు గోడ మీద సుద్దముక్కతో వ్రాశారు: కప్పుట వేరు, కాపాడుట వేరు.

రెండవది పి.వి.సి. గొట్టం. సాధారణ రకం 70 డిగ్రీల సెంటీగ్రేడు వరకు, వేడికి ఓర్చే రకం 105 డిగ్రీల వరకు పనికివస్తుంది. దానికి మెత్తదనం ఇచ్చే నూనెవంటి పదార్థం వేడికి క్రమంగా ఆవిరై, గొట్టం గట్టిపడి పగులుతుంది. డ్యాష్‌బోర్డు లోపలి వంటి చల్లని చోట్లకు ఇది చాలును.

మూడవది మడతల ఫ్లెక్సిబుల్ పైపు. పొడవునా చీలిక ఉంటుంది గనుక తీగలు అమర్చిన తరువాత కూడ తొడగవచ్చు, కావలసినప్పుడు తీయవచ్చు. దెబ్బకు, రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. కాని దుకాణంలో ఒకే రంగులో, ఒకే రూపంలో రెండు మూడు పదార్థాలవి ఉంటాయి. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల వద్ద కరిగితే, నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల వద్ద కరుగుతుంది. కంటికి భేదం తెలియదు. రసాయనశాస్త్ర పాఠం ఇక్కడ అక్కరకు వచ్చింది. చిన్న ముక్కను కోసి, మడతలలో గాలి బుడగ నిలువకుండ నీటి బకెట్టులో ముంచి వదిలాము. పాలీప్రొపిలీన్ నీటికంటె తేలిక గనుక తేలింది. నైలాన్ బరువు గనుక మునిగింది. ఖర్చు లేని ఈ పరీక్షను ఎవరైనా చేయవచ్చు. ఇంజను సమీపానికి మునిగిన నైలాన్‌నే తీసుకున్నాము. ఈ పైపులో నీరు నిలుస్తుందన్న దోషం కలదు. అందుచేత చీలికను కిందివైపుకు తిప్పి, అన్నిటికంటె పల్లమైన చోట చిన్న రంధ్రం చేశాము.

నాలుగవది మా పెద్దమిత్రుడు మెచ్చిన అల్లిక తొడుగు. పాలియెస్టరు దారాలతో వలవలె అల్లినది. రాపిడికి ఓర్పు ఎక్కువ, 125 డిగ్రీల వేడి వరకు భయం లేదు, నీరు నిలువదు. కాని వల గనుక నూనెను, బురదను లోనికి రానిస్తుంది. వెడల్పు సాగిన కొద్దీ దాని పొడవు తగ్గుతుంది. కావున కొలిచిన దానికంటె కొంత పొడవుగా కోయాలి. కత్తెరతో కోస్తే కొసలు కుచ్చు కుచ్చుగా విడిపోతాయి. వేడి చేసిన కత్తితో కోసి, కొసలకు హీట్ ష్రింక్ ట్యూబు వేయాలి. ఆ ట్యూబులలో లోపల జిగురు పూత ఉన్న రకం వేడి గాలి తగలగానే ముడుచుకొని నీటిని లోనికి రానీయదు.

అయిదవది మోటారు వైండింగు దుకాణాలలో దొరికే ఫైబర్ గ్లాసు స్లీవు. గాజు దారం మండదు. పై పూత ఎట్టిదో దానిని బట్టి వేడికి ఓర్చే శక్తి మారుతుంది. మేలురకం సిలికోన్ పూత గలవి 180, 200 డిగ్రీల వరకు నిలుస్తాయి. కాని ఇవి రాపిడికి అంత గట్టివి కావు. అనగా ఒకరికి ఉన్న బలం మరొకరికి లేదు. అన్ని శత్రువులను ఒంటరిగా గెలిచే తొడుగు ఏదీ లేదు. ఎలుక విషయంలో అయితే ఈ అయిదూ ఒకటే. జీవితాంతం పెరిగే పండ్లు గల ఆ జీవి దేనినైనా కొరుకుతుంది. అందుకు మందు షెడ్డులో తిండి పదార్థాలు ఉంచకపోవడం, వారానికొకసారి ఇంజను చుట్టూ పరిశీలించడం మాత్రమే.

మంట విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 1998 సెప్టెంబరు 2న న్యూయార్క్ నుండి జెనీవాకు బయలుదేరిన స్విస్ ఎయిర్ 111 విమానం కెనడా తీరాన సముద్రంలో కూలి 229 మంది మరణించారు. పైలట్ల గది పైకప్పు ప్రాంతంలో తీగల వద్ద పుట్టిన ఆర్కు వలన ప్రక్కనున్న ఉష్ణరక్షక దుప్పట్ల పైపొర అంటుకొని మంట వ్యాపించిందని దర్యాప్తులో తేలింది. రక్షణ కొరకు కప్పిన పదార్థమే మంటకు ఆహారమైంది! ఇది చదివిన తరువాత మేము ప్రయోగశాల అధ్యాపకుల సమక్షంలో, ఇసుక బకెట్టు ప్రక్కన ఉంచుకొని, ఆరుబయట ఒక్కొక్క తొడుగు ముక్కను మంటపై పట్టి చూశాము. తేలిన పైపు కొవ్వొత్తివలె మండుతూ చుక్కలు రాల్చింది. పి.వి.సి. మంట తీయగానే ఆరింది గాని, ఘాటైన విషపు పొగ వదిలింది. గాజు స్లీవు పూత మాత్రం పొగచిమ్మి, దారం నిలిచింది. చుక్కలు రాల్చిన పైపును పెట్రోలు ట్యాంకు దరిదాపులకు రానీయకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాము.

తొడుగు వెడల్పు నిర్ణయించడానికి ఒక సులువైన లెక్క ఉన్నది. సమానమైన ఏడు తీగలను కట్టగా కడితే, ఒకటి మధ్యకు, ఆరు చుట్టూ చేరి, కట్ట వెడల్పు ఒక తీగకు సరిగ్గా మూడింతలు అవుతుంది. పందొమ్మిది తీగలైతే అయిదింతలు. ఏడు పెన్సిళ్ళతో ఎవరైనా సరిచూడవచ్చు. మా తీగ వెడల్పు 2.5 మిల్లీమీటర్లు, ఏడింటి కట్ట 7.5; కావున 10 మిల్లీమీటర్ల తొడుగు ఎంచుకున్నాము. కిక్కిరిసిన తొడుగులో వేడి బయటకు పోదు. ఒంటరి తీగ మోయగల ప్రవాహాన్ని కట్టలోని తీగ మోయలేదని కూడ గుర్తుంచుకోవాలి. రంగు విషయంలోను ఒక నియమం పాటించాము. దుకాణదారు నారింజ రంగు పైపు చవకగా ఇస్తానన్నాడు. విద్యుత్ కార్లలో ప్రాణాపాయకరమైన అధిక వోల్టేజి తీగలకు ఆ రంగును గుర్తుగా వాడుతారు. మా పన్నెండు వోల్టులకు ఆ వేషం వేస్తే రేపు ఎవరినో తికమక పెట్టినట్లే. వద్దన్నాము.

ఇంతవరకు ఇది వస్తువుల చర్చ. దీనిని మనుష్యుల చర్చగా మార్చినవారు మా మిత్రుని తల్లి. మాలో అందరికంటె తేలికవాడు గనుక మొదట కారు నడిపేది అతడే అని నిశ్చయించుకున్నాము. ఒకనాటి సాయంకాలం ఆమె మా అందరికీ టిఫిను డబ్బా తెచ్చి, చట్రం చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద చేయి వేసి అడిగారు: “బేటా, దీనిలో నిప్పు పుడితే నా బిడ్డ ఎటు నుండి దిగుతాడు?”

మా వద్ద జవాబు సిద్ధంగా లేదు. “ఖాలా, ఫ్యూజులున్నాయి, ఏమీ కాదు” అని మాలో ఒకరు అనబోయి ఆగిపోయారు. ఎందుకనగా అన్ని తీగలకూ ఫ్యూజు ఉన్నది, ఒక్కదానికి తప్ప. బ్యాటరీ నుండి సెల్ఫు మోటారుకు పోయే లావు కేబులు అది. ఇంజనును తిప్పేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది గనుక సాధారణంగా కార్లలో దానికి ఫ్యూజు పెట్టరు. మా కారులో బ్యాటరీ ముందు, ఇంజను వెనుక. అంటే ఫ్యూజు లేని ఆ ఒక్క కేబులే డ్రైవరు ప్రక్కనుండి, పెట్రోలు ట్యాంకు ప్రక్కనుండి కారు పొడవునా ప్రయాణం చేయాలి. దానికి దారి, కట్టు, తొడుగు తప్ప వేరే రక్షకులు లేరు.

అప్పటికి ఆ కేబులును ఇంకా బిగించలేదు. రెండు దారులు మా ముందున్నాయి. డ్రైవరు కూర్చునే కుడివైపు దారి పొట్టిది. ఎడమవైపు దారి నలభై సెంటీమీటర్లు పొడవైనది. రాగి కేబులు ఖరీదు తక్కువేమీ కాదు. అయినా ఎడమ దారినే ఎంచుకున్నాము. అప్పుడు ఎర్ర తొడుగు కోరిన మా పెద్దమిత్రుడే ముందుగా అన్నాడు: “ప్రదర్శనలో కనిపించే తీగలకు సాదా పైపు చాలు. సొమ్మంతా ఆ కనిపించని కేబులుకు పెడదాం.” కేబులుకు ముందు అల్లిక తొడుగు, దానిపై నైలాన్ పైపు, ఇంజను వేడి తగిలే చివరి రెండు అడుగులకు సిలికోన్ పూత గాజు స్లీవు వేశాము. సెల్ఫు కొసకు రబ్బరు టోపీ పెట్టాము. బ్యాటరీ ప్రక్కనే, డ్రైవరు చేతికి అందేటట్లు, మొత్తం విద్యుత్తును ఒక్క మలుపుతో ఆపే కటాఫ్ స్విచ్చి అమర్చాము. మిగిలిన తీగలకు ఫ్యూజులను బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉంచాము. ఫ్యూజుకు ముందున్న తీగను ఫ్యూజు కాపాడదు గనుక ఆ దూరం ఎంత తక్కువైతే అంత మేలు. ఆ తరువాత ఖాలాను మళ్ళీ పిలిచి, స్విచ్చిని ఆమె చేతనే తిప్పించి చూపాము. ఆమె మరేమీ అడుగలేదు. రెండు మార్లు తిప్పి చూసి, తల ఊపారు.

కారు నడిచింది. వార్షికోత్సవంనాడు మైదానం చుట్టూ తిరిగింది. తీగల గురించి అడిగినవారు ఒక్కరూ లేరు. ఆరు నెలల తరువాత పరీక్ష నిమిత్తం తొడుగులన్నీ విప్పి చూశాము. ఎడమవైపు ఒక క్లాంపు వద్ద నైలాన్ పైపు మడతలు అరిగి నునుపై, గోరంత మేర మెరుస్తున్నవి. దాని కింద అల్లిక చెదరలేదు. కేబులు పొరపై గీత లేదు. తొడుగు తాను అరిగి తీగను అరగనీయలేదు. ఆ క్లాంపు రబ్బరును మార్చి, ఆ ముక్క పైపును కొత్తది వేశాము.

మన తరువాత ఈ షెడ్డుకు రాబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మనవి ఇది. తొడుగు తొడిగే ముందు లోపలి పనిని ఇతరులకు చూపండి; సిగ్గుపడే అతుకు ఏదీ దాని కింద మిగలనీయకండి. ప్రతి తీగ వద్ద నిలిచి దాని శత్రువు ఎవరని అడగండి. ధర, రంగు ఆ తరువాత చూసుకోండి. మళ్ళీ విప్పగలిగిన తొడుగునే వేయండి. ఎందుకంటే మీరు కట్టినదానిని రేపు విప్పేది మరొకరి చేయి. షెడ్డును మాకు అప్పగించి, రాత్రి వేళలలో దీపం వెలగనిచ్చిన కళాశాల కమిటీ పెద్దలకు మా కృతజ్ఞతలు. ఏ తీగ ఎటు పోయినదో, దేనికి ఏ తొడుగు, ఏ ఫ్యూజు వేశామో ఉర్దూలోను తెలుగులోను వ్రాసిన పటం వర్క్‌షాపు అల్మారాలో రెండవ అరలో ఉంచాము. ఫ్యూజు లేని కేబులును అందులో ఎర్ర సిరాతో గీశాము.